నల్లతుమ్మెద కొండ: భిలాయ్ నుంచి దక్షిణ కోసల శిలాదృశ్యాలు

హ్యుయాన్‌త్సాంగ్ యాత్రావృత్తాంతం పదవ ప్రకరణంలో కళింగం తరువాత కోసలం, కోసలం తరువాత ఆంధ్రం, ఆ తరువాత ధాన్యకటకం వస్తాయి. మన పరిశోధకులు ఈ వరుసలోని చివరి రెండు దేశాలను గురించి విరివిగా రాశారు. కోసలాన్ని మాత్రం కళింగానికీ వేంగికీ నడుమ పడిన అడవిదారిగా ఎంచి దాటిపోయారు. ఆచార్య నాగార్జునుని గురించి ఆ యాత్రికుడు చెప్పిన ముఖ్యమైన కథలు ఉన్నది ఈ కోసల ప్రకరణంలోనే. సింహళం నుంచి వచ్చిన ఆర్యదేవుని ముందు నీటితో నిండిన పాత్రను పెట్టించడం, అతడు నోరు మెదపకుండా అందులో ఒక సూదిని జారవిడవడం ఇక్కడి కథ. సద్వహుడనే రాజు నాగార్జునుని కోసం ఒక కొండను తొలిపించి విహారం కట్టించిన కథ కూడా ఇక్కడిదే.

ఆ కొండ పేరును చైనా లిపిలోని ధ్వనుల ఆధారంగా భ్రమరగిరి అని పండితులు పునర్నిర్మించారు. దాని అర్థం నల్లతుమ్మెద అని ఆ గ్రంథంలోనే ఉంది. కోసలానికి నైరుతి దిక్కున సుమారు 300 లీల దూరంలో, ఒంటరిగా పైకి లేచి, లోయలూ చీలికలూ లేక, మొత్తం ఒకే బండ అన్నట్లు నిలిచిన శిఖరమట. లోపల అయిదు అంతస్తులు, అంతస్తుకు నాలుగేసి మందిరాలు, వాటిలో బంగారు బుద్ధ ప్రతిమలు. కొండపైనుంచి వచ్చే నీరు అంతస్తులన్నిటి గుండా పారుతుంది; రాతిలో తొలిచిన రంధ్రాల గుండా వెలుతురు వస్తుంది. పని సగంలో ఉండగానే రాజు ఖజానా వట్టిపోతే, నాగార్జునుడు తన రసవిద్యతో రాళ్లను బంగారం చేశాడట. కథ ముగింపు విషాదకరం. భిక్షువుల మధ్య కలహం పుట్టి, తీర్పు కోసం వారు రాజును ఆశ్రయించవలసి వచ్చింది. ఆ సందు చూసుకొని గిట్టనివారు విహారాన్ని ఆక్రమించి, భిక్షువులు మళ్లీ రాకుండా దారి మూసివేశారు. అటుపైన ద్వారం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు, 399లో చైనా నుంచి బయలుదేరిన ఫాహియాన్ కూడా దక్షిణదేశంలో ఇటువంటిదే ఒక అయిదంతస్తుల శిలావిహారం ఉందని రాశాడు. ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, పావురం ఆకారాలలో అంతస్తులు ఒకదానిపై ఒకటి ఉన్నాయని అతడు విన్నాడు. తాను అక్కడికి వెళ్లలేకపోయాననీ, స్థానికులు చెప్పింది మాత్రమే రాస్తున్నాననీ అతడే స్పష్టంగా చెప్పాడు. హ్యుయాన్‌త్సాంగ్ కథ కూడా మూసుకుపోయిన దారితోనే ముగుస్తుంది. అంటే భ్రమరగిరి లోపలి భాగాన్ని చూసి రాసిన సాక్షి మనకు ఒక్కరూ లేరు. మిగిలింది బయటి రూపం: ఒంటరి శిఖరం, ఒకే బండ.

ఈ బయటి రూపాన్ని పట్టుకొని గత నూటయాభై ఏళ్లలో చాలా కొండల పేర్లు ముందుకు వచ్చాయి. 1871లో ప్రచురించిన ప్రాచీన భూగోళ గ్రంథంలో కనింగ్‌హామ్ కోసలాన్ని విదర్భ వైపు ఉంచాడు. అటువంటప్పుడు కొండ కూడా పడమటికి జరుగుతుంది. భాందక్ గుహలనూ, నాగార్జునుని పేరు నేటికీ నిలిచిన రాంటెక్ పరిసరాలనూ పరిశీలించిన వారున్నారు. బర్జెస్ వంటివారి చూపు శ్రీశైలం మీద పడింది. అక్కడ కొలువున్న అమ్మవారు భ్రమరాంబ కావడంతో, పేరులోని తుమ్మెద ఆ ఊహకు ఊతమిచ్చింది. 1926లో కృష్ణాతీరపు లోయలో ఇక్ష్వాకుల శాసనాలు వెలుగుచూసి, వాటిలో శ్రీపర్వతమనే పేరు కనిపించినప్పుడు నాగార్జునకొండ ఈ చర్చకు కేంద్రమయింది. కోసల రాజధాని మహానది ఒడ్డున ఉన్న సిర్‌పూర్, అంటే నాటి శ్రీపురం, అని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. కొండ విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

భిలాయ్‌లో నివసించే పురాతత్వ విద్యార్థికి ఈ చర్చ చాలా దగ్గరిది. ఇక్కడి నుంచి సిర్‌పూర్ ఒక పూట ప్రయాణం. ఉక్కు కర్మాగారం కట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. రెండవ తరం, మూడవ తరం తెలుగువారు సెక్టార్ల అంకెలనే ఊరిపేర్లుగా చెప్పుకొంటూ పెరిగారు. సెలవు దొరికితే స్నేహితులు గుంపుగా కూడి కొండలకూ జలపాతాలకూ వెళ్లి ఫొటోలు తీయడం ఇక్కడ బాగా అలవాటైన వినోదం. నేను తిరిగే బృందంలో నలుగురం ఉన్నాము. ఒకరు రైలు పట్టాల మిల్లులో పనిచేస్తున్నారు. ఒకరు బ్లాస్ట్ ఫర్నెస్ విభాగంలో పనిచేసి విరమించిన పెద్దాయన. మేమందరం బాబాయ్ అంటాము. మరొకరు బడిలో లెక్కలు చెబుతారు. పురావస్తువులంటే వారికి ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. రాళ్లంటే ఉంది. ఇది నాకు మేలే చేసింది. నేను శాసనం కోసం వెతికే చోట వారు వెలుతురు కోసం వెతుకుతారు. అందువల్ల నేను చూడని చోట్ల ఆగుతారు.

ఒకసారి డోంగర్‌గఢ్‌లో సూర్యోదయానికి ముందే కొండ కింద నిలబడ్డాము. భిలాయ్‌కి పడమరగా బొంబాయి రైలుమార్గం మీద ఉన్న ఆ ఊరి చుట్టూ అతి ప్రాచీనమైన గ్రానైటు నేల. బమ్లేశ్వరి అమ్మవారి గుడి ఉన్న కొండ, దాని చుట్టుపక్కల ఏనుగుల మందలా ఒరిగిన గుండ్రని బండలు, ప్రజ్ఞాగిరి మీద మన కాలంలో ప్రతిష్ఠించిన పెద్ద బుద్ధ విగ్రహం. తొలి ఎండ తగిలేసరికి రాయి ఎర్రబడింది. బాబాయ్ కెమెరా దించి, ‘‘డాక్టరుగారూ, మీ చైనా సన్న్యాసి చెప్పిన కొండ యిదే అయ్యుంటాది, రాసీండి’’ అన్నారు. అందరం నవ్వాము. కాని ఇంటికి వచ్చి ఆయన తీసిన చిత్రం చూసినప్పుడు ఆ మాట తేలిగ్గా తీసిపారేయాలని అనిపించలేదు. అందులో నిజంగానే ఒంటరి శిఖరం ఉంది. చీలికల్లేని ఒకే బండ ఉంది. కొండ కింద ఊరు లేదు, తీగమార్గం లేదు, రైలుకట్ట లేదు.

అలా ఎందుకయిందో లెక్కలమాష్టారు కాగితం మీద గీసి చూపించారు. నేలకు దగ్గరగా కెమెరా పెట్టి, విస్తృత కోణపు లెన్సుతో తీస్తే ముందున్న బండ పెద్దదై వెనుక ఉన్న కొండలు కుంగిపోతాయి. ఒక కొండ ఒంటరి శిఖరంగా మారడానికి ఆ ఒక్క పని చాలు. దూరపు లెన్సు దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. పది కిలోమీటర్ల ఎడంతో ఉన్న రెండు కొండల వరుసలను ఒకదానికొకటి అతికించినట్లు చూపుతుంది. కోసల సరిహద్దులను కొండలూ గుట్టలూ చుట్టుముట్టి ఉన్నాయనీ అడవులు ఒకదానివెంట ఒకటి వస్తాయనీ యాత్రికుడు చెప్పిన మాటకు ఎక్కడ కావాలంటే అక్కడ సాక్ష్యం పుట్టించవచ్చు. ఇక కంప్యూటరులో నీడలను నలుపెక్కిస్తే రాతిలోని పగుళ్లు మాయమై ‘ఒకే బండ’ సిద్ధమవుతుంది. ఇవేవీ మోసం చేయాలని చేసేవి కావు. అందంగా కనిపించాలని చేసేవి. పర్యాటక కరపత్రాలలోనూ, కొన్ని పరిశోధనపత్రాలలోనూ ఇటువంటి చిత్రాల కింద ‘నాగార్జునుడు నివసించిన కొండ’ అని రాసి ఉండటం చూస్తుంటే, అందం ఎప్పుడు ఆధారంగా మారిపోయిందో తెలియక కలవరం కలుగుతుంది.

కంటిని నమ్మలేనప్పుడు కొలతను నమ్ముదామన్నా దారి లేదు. హ్యుయాన్‌త్సాంగ్ లీ ఎంత పొడవు అన్న ప్రశ్నకు సాధారణంగా 400 నుంచి 500 మీటర్లని జవాబు చెబుతారు. ఆయన చెప్పిన దూరాలనే ఆయన మీద ప్రయోగించి చూద్దాం. కోసలం నుంచి దక్షిణంగా అడవి గుండా 900 లీలు వెళితే ఆంధ్రదేశమని ఆయన లెక్క. ఆ దేశపు రాజధానిని వేంగిగా, అంటే ఏలూరు దగ్గరి పెదవేగిగా గుర్తిస్తున్నాము. సిర్‌పూర్ నుంచి పెదవేగికి సరళరేఖలో అయిదువందల కిలోమీటర్లకు కొంచెం పైన. అంటే లీ సుమారు 570 మీటర్లు. బాగానే ఉంది. ఆంధ్రం నుంచి ధాన్యకటకానికి మరో 1000 లీలు అంటాడు. పెదవేగి నుంచి అమరావతికి సరళరేఖలో వంద కిలోమీటర్లైనా లేదు! దారి ఎంత వంకరగా తిరిగిందనుకున్నా ఈ లెక్క పొసగదు. రాజధాని నుంచి రాజధానికి కొలిచాడో, ఎల్ల నుంచి ఎల్లకు కొలిచాడో, మధ్యలో ఎక్కడెక్కడ తిరిగాడో మనకు తెలిపే గీత ఏదీ ఆ గ్రంథంలో లేదు.

అయినా పటం మీద స్కేలు పెట్టకుండా ఉండలేకపోయాము. లీకి 400 మీటర్ల చొప్పున 300 లీలు 120 కిలోమీటర్లు. వేంగి దారి లెక్కన 170 కిలోమీటర్లు. సిర్‌పూర్ నుంచి నైరుతికి గీత గీసి ఈ రెండు దూరాల మధ్య చూస్తే, దాదాపు 140 కిలోమీటర్ల దగ్గర స్కేలు ఒక పేరును తాకుతుంది. మాష్టారు ఆ పేరు పైకి చదివారు: దల్లీ రాజ్‌హరా.

భిలాయ్ వాసులకు ఆ పేరు పరిచయం చేయనక్కరలేదు. కర్మాగారం మొదలైనప్పటి నుంచి ఇక్కడి కొలుములకు ఇనుపరాయి వస్తున్నది ఆ కొండల నుంచే. ఈ స్కేలు గీత నాకు ఏమీ రుజువు చేయదు. సిర్‌పూర్‌ను బిందువుగా తీసుకోవడమే ఒక ఊహ. గ్రంథంలో దూరం దేశం నుంచి చెప్పారు తప్ప నగరం నుంచి అని లేదు. రాజ్‌హరాలో బౌద్ధ అవశేషాలు దొరికాయని చెప్పే నివేదికను నేను చూడలేదు. పైగా ఇనుపరాతి పొరల మధ్య అయిదు అంతస్తులు తొలచడం ఎటువంటి పనో ఉలి పట్టినవారెవరైనా చెప్పగలరు. పశ్చిమ కనుమల గుహావిహారాలలో అత్యధికం దక్కను లావారాతిలో తొలిచినవి. ఆ రాయి పొరలుగా, సమంగా, ఉలికి లొంగేదిగా ఉంటుంది. మన దేశంలో అంతస్తులుగా తొలిచిన కొండ ఎలా ఉంటుందో చూడాలంటే కృష్ణ ఒడ్డున ఉండవల్లికి వెళ్లాలి. అక్కడున్నవి నాలుగు అంతస్తులు. రాజ్‌హరా భ్రమరగిరి అని నేను చెప్పడం లేదు. అది కాదని కూడా ఇక కొండను చూసి ఎవరూ చెప్పలేరన్నదే నా బాధ. ఎందుకంటే ఆ కొండలు ఉండిన రూపంలో ఇప్పుడు లేవు.

ఆ కొండలకు రాతపూర్వకమైన చరిత్ర ఉంది. భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసిన ప్రమథనాథ బోసు 19వ శతాబ్ది చివరి భాగంలో ఈ ఇనుపరాయిని గుర్తించి రాశారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో జంషెడ్‌జీ కుమారుడు దొరాబ్జీ టాటా, అమెరికన్ భూగర్భవేత్త వెల్డ్ ఆ ఆధారంతో ఇక్కడికి వచ్చారు. కొండంతా ఇనుమేనని తెలిసినా టాటాలు చివరకు మయూర్‌భంజ్ ఖనిజాన్ని ఎంచుకొని జంషెడ్‌పూర్‌కు తరలిపోయారు. ఆ విధంగా రాజ్‌హరా మరో అర్ధ శతాబ్దం యథాతథంగా నిలిచింది. 1955 ఫిబ్రవరి 2న భారత సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి కొండ పట్టాలుగా మారి దేశమంతటా పరుచుకొంది. బాబాయ్ దీనిని చాలా సహజంగా చెబుతారు: ‘‘కొండని కరగబోసీసి కన్యాకుమారి దాకా ఏసీసినాం.’’ ఆ గొంతులో గర్వం ఉంది, ఉండవలసిందే.

ఆ 1955వ సంవత్సరం బౌద్ధ చరిత్ర విద్యార్థికి మరో రెండు కారణాల వల్ల గుర్తుండాలి. అప్పటికి సిర్‌పూర్‌లో ఎం.జి. దీక్షిత్ నాయకత్వంలో సాగర్ విశ్వవిద్యాలయం తవ్వకాలు సాగుతున్నాయి. 1953లో మొదలై 1956 దాకా నడిచిన ఆ పనిలో ఆనందప్రభు కుటీవిహారం, దాని శాసనం, స్వస్తికాకారపు మరో విహారం బయటపడ్డాయి. భూస్పర్శ ముద్రలో కూర్చున్న బుద్ధుడు ఇటుకల గుట్టల కింది నుంచి మళ్లీ వెలుగు చూశాడు. ఆ విహారం కట్టిన కాలపు రాజు మహాశివగుప్త బాలార్జునుడు శివభక్తుడు. అయినా మల్లార్‌లో దొరికిన తామ్రశాసనంలో తన మేనమామ కోరగా బౌద్ధ భిక్షుసంఘానికి గ్రామం దానమిచ్చాడు. ఈ ప్రాంతంలో సంఘం ఎలా బతికిందో చెప్పే గట్టి సాక్ష్యాలలో ఇది ఒకటి. ఆ ఏడాదే డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. మునిగిపోబోయే లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 వరకు రాత్రింబవళ్లు తవ్వింది. ఒక చోట నేల కింది నుంచి విహారం పైకి వస్తున్న కాలంలోనే, మరొక చోట లోయకు లోయ నీటి కిందికి వెళ్లడానికి సిద్ధమవుతోంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న కొండలు కొలిమి కోసం గుర్తు పెట్టబడ్డాయి.

నాగార్జునకొండ లోయకు జరిగిన మేలు ఒకటుంది. దాని ఛాయాచిత్రాలు మిగిలాయి. 1927 నుంచి 1931 వరకు తవ్విన లాంగ్‌హర్స్ట్ కాలం నుంచే కెమెరా అక్కడ పనిచేసింది. సుబ్రహ్మణ్యం తవ్వకాల నాటికి అది క్రమబద్ధమైన విధి. ఆ నలుపు తెలుపు చిత్రాలను ఇప్పుడు చూసేవారు మధ్యలో ఉన్న చైత్యం మీదనో, అర్ధచంద్రశిల మీదనో దృష్టి పెడతారు. నేను వాటి వెనుక భాగం చూస్తాను. మూడు వైపుల ఎత్తయిన కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఏ విహారం ఏ కొండచరియకు ఎంత దూరంలో ఉంది, వాన నీరు ఏ వాగు గుండా దిగేది, స్నానఘట్టం నుంచి నిలబడి చూస్తే ఏ శిఖరం కనిపించేది అన్న ప్రశ్నలకు జవాబులు ఆ వెనుక భాగంలో ఉన్నాయి. అవి తీసిన మనిషి వాటి కోసం తీయలేదు. కొలబద్దను నిలబెట్టి, దిక్కు చూసుకొని, ప్రతి చిత్రానికీ సంఖ్య వేసి తన పని తాను చేశాడు. ఇప్పుడు కొండకొన మాత్రమే ద్వీపమై తేలి ఉంది. లోయను చూడాలంటే ఆ చిత్రాలే దిక్కు. అమరావతికి ఈ భాగ్యం దక్కలేదు. లినేయస్ ట్రైప్ 1858లో మద్రాసులో అమరావతి శిల్పాలను అద్భుతంగా ఫొటోలు తీశాడు. కాని అప్పటికే అవి స్థానం నుంచి కదిలిపోయిన రాళ్లు. వాటి వెనుక మ్యూజియం గోడ ఉంది, దీపాలదిన్నె లేదు.

సిర్‌పూర్ విషయంలో తొలి కెమెరా బెగ్లార్‌ది. కనింగ్‌హామ్ సహాయకుడైన ఈ ఆర్మేనియన్ 1873, 74 సంవత్సరాలలో మధ్యపరగణాలు తిరిగాడు. ఆ రోజుల తడి పలక పద్ధతిలో గాజు పలక ఆరకముందే చిత్రం తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. నీళ్లు, రసాయనాలు, గాజు పలకలు, గుడారం అన్నీ బండ్ల మీద మోసుకుపోవాలి. రోజుకు కొద్ది చిత్రాలే సాధ్యం. అందువల్ల ఒక్కో చిత్రంలో ఎంత పడితే అంత పట్టించవలసి వచ్చేది. కష్టం వల్ల వచ్చిన ఆ విస్తృతి ఇప్పుడు మనకు ఉపయోగపడుతోంది. చేతిలో పట్టే పరికరంతో గంటకు మూడువందల చిత్రాలు తీసే మన కాలంలో ఆ విస్తృతి అరుదైపోవడం ఒక వింత.

రాతిమీద మనిషి జాడను కెమెరా ఎంత బాగా పట్టగలదో, ఎంత సులభంగా తప్పుదారి పట్టించగలదో ఒకే చోట చూపే కొండ సర్గుజాలోని రామ్‌గఢ్. భిలాయ్ నుంచి దూరమే. ఒక రోజు పూర్తిగా ప్రయాణానికే పోతుంది. హాథీపోల్ అనే సహజ సొరంగం దాటి పైకి వెళితే సీతాబేంగ్రా, జోగీమారా గుహలు పక్కపక్కనే ఉంటాయి. సీతాబేంగ్రా ముందున్న అర్ధచంద్రాకారపు రాతిమెట్ల వరుసలను చూసి 1904 ప్రాంతంలో బ్లాక్ దానిని ప్రాచీన నాటకశాల అన్నాడు. ఎదురుగా, మధ్యలో నిలబడి తీసిన ఫొటోలో అది అచ్చంగా రంగస్థలమే. పక్కకు నాలుగు అడుగులు వేసి తీస్తే మెట్లు ఎంత ఇరుకైనవో, ఎంతమంది కూర్చోగలరో తెలుస్తుంది. తరువాతి పండితులందరూ బ్లాక్ ఊహను అంగీకరించకపోవడానికి ఆ నాలుగు అడుగులకూ సంబంధం ఉంది. జోగీమారాలో దేవదాసి సుతనుకను, ఆమెను ప్రేమించిన దేవదిన్నుణ్ణి పేర్కొనే మౌర్యకాలపు బ్రాహ్మీ లిపి పంక్తులున్నాయి. అతడి వృత్తి రూపదక్షత. అంటే శిల్పమో, చిత్రలేఖనమో, నాణేల పరీక్షో ఇంకా తేలలేదు. ఆ అక్షరాలు మిట్టమధ్యాహ్నపు వెలుతురులో కంటికి ఆనవు. ఏటవాలు వెలుతురు రాయిని ఒరుసుకొంటూ పడినప్పుడు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. మా పట్టాల మిల్లు మిత్రుడు ఒక తెల్ల అట్టముక్కను గుహ బయట వాలుగా పట్టుకొని ఎండను లోపలికి మళ్లించాడు. ఫ్లాష్ వాడలేదు, నీళ్లు చల్లలేదు, సుద్ద పూయలేదు. పైకప్పు మీది వర్ణచిత్రాలకు 1914లో అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ గుప్తా నకళ్లు తీశారు. ఆ నకళ్లు లేకపోతే నేడు మాసిన రంగుల మధ్య ఏది మొదటి చేతిదో, ఏది మీద పూసినదో చెప్పడం ఇంకా కష్టమయ్యేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, రాజ్‌హరా ఖనిజం తరిగిపోతోంది. దాని వారసత్వం బస్తరు వైపున్న రావ్‌ఘాట్ కొండలకు వెళ్లింది. రాజ్‌హరా నుంచి అటు రైలుమార్గం సాగుతోంది. 2022 నాటికి అంతాగఢ్ దాకా రైలు వచ్చింది. ఆ మార్గానికి దక్షిణంగా ఉన్న నేల హ్యుయాన్‌త్సాంగ్ కోసలం నుంచి ఆంధ్రానికి దాటాడని చెప్పిన మహారణ్యంలో భాగమై ఉండడానికి అవకాశం ఎక్కువ. బస్తరులో భోంగాపాల్ వద్ద బయటపడిన ఇటుక చైత్యం, అక్కడి బుద్ధ ప్రతిమ ఆ అడవి బౌద్ధులకు తెలియనిది కాదని చెబుతున్నాయి. ఉక్కు వద్దని నేను అనను. ఆ ఉక్కు కట్టిన ఊళ్లో, ఆ జీతంతో చదువుకున్న పిల్లల మధ్య బతుకుతూ అలా అనడం సబబు కాదు. కొండ తవ్వే ముందు దానిలో ఎంత ఇనుముందో అంగుళం అంగుళం కొలుస్తారు. ఆ కొలతతో పాటు కొండ రూపాన్ని కూడా నాలుగు దిక్కుల నుంచి, గుహలూ చరియలూ తేనెపట్టులూ సహా చిత్రాలలో భద్రపరచడానికి అయ్యే ఖర్చు ఆ లెక్కలో కనిపించనంత చిన్నది. ఇది తవ్వకం తరువాత చేయలేని పని.

ప్రభుత్వ శాఖలు ఎప్పుడు చేస్తాయో చెప్పలేము కనుక సెలవునాడు కెమెరాలు భుజాన వేసుకొని బయలుదేరే మిత్రబృందాల మీదనే నాకు ఎక్కువ ఆశ. వారిని అందమైన చిత్రాలు మానుకోమని ఎవరూ అడగరు. ప్రతి అందమైన చిత్రానికీ పక్కన ఒక అనాకర్షకమైన చిత్రం తీయాలి. కొండ మొత్తం, దాని పాదం, ముందున్న నేల, వెనుక ఆకాశరేఖ కత్తిరించకుండా పడాలి. ఒక మనిషో, గుర్తు గీసిన కర్రో పక్కన నిలబడాలి. ఎటు చూస్తూ తీశారో, ఏ తేదీన, ఏ వేళలో తీశారో చిత్రంతో పాటు ఉండాలి. కెమెరా తనంతట తాను నమోదు చేసే వివరాలను పంపేటప్పుడు చెరిపివేయకూడదు. మళ్లీ వచ్చే ఏడు అదే చోట నిలబడి అదే చిత్రం తీయాలి. ఈ చివరిది అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా విసుగైనది. అడవిలో విడిగా పడి ఉన్న ప్రతిమ కనిపిస్తే మాత్రం చోటు పేరు లోకానికి చాటకుండా సంబంధిత శాఖకు తెలపాలి. తేనెపట్టులున్న చరియల కింద అరుపులు, పొగ కూడదు. భ్రమరగిరి అన్న పేరు ఎలా వచ్చిందో స్వానుభవంతో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

పాత చిత్రాల విషయంలో మా ఊళ్లో ఒక గని ఉంది. అది ఇంకా తవ్వలేదు. 1950ల చివర, 60లలో ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాల ఇళ్లలో అట్ట ఆల్బములున్నాయి. వాటిలో పెళ్లిళ్లు, అన్నప్రాశనలు, కర్మాగారం గేటు ముందు నిలబడిన కుర్రవాళ్లతో పాటు రాజ్‌హరాలో పనిచేసిన రోజుల బృంద చిత్రాలూ కనిపిస్తాయి. తెలిసినవారి ఇళ్లలో అడిగి వాటికి నకళ్లు తీసుకోవడం మొదలుపెట్టాము. ఎక్కువ చిత్రాలలో మనుషులే నిండి ఉన్నారు. బాబాయ్ ఇంటి ఆల్బములో ఒకటి వేరుగా ఉంది. తొమ్మిది మంది వరుసగా నిలబడ్డారు. కొందరి తలల మీద టోపీలు, ఒకరి చేతిలో టిఫిను క్యారేజి. ఫొటో తీసినవాడు కొత్తవాడేమో, మనుషులను బాగా కిందికి జరిపేశాడు. వారి తలల మీద చిత్రంలో సగానికి పైగా కొండే ఉంది, ఇంకా చెట్లతో, ఇంకా ఎవరూ మెట్లు మెట్లుగా కోయని గట్టుతో. వెనుక పెన్సిలుతో ఊరి పేరు, 1960 అని ఉంది. ఎక్కడ నిలబడి తీశారో బాబాయ్‌కి గుర్తుంది. ఈ చలికాలంలో ఆ చోటికి వెళ్లి, అదే దిక్కుకు కెమెరా పెట్టాలని అనుకొంటున్నాము.